కొత్తగా తెచ్చిన కుందేళ్ళు: గూడు, మచ్చిక
(రైతుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కుందేళ్ళను గురించి మాట్లాడుదునని తెలిసి, వాటి పెంపకము వలన ఎంత లాభము వచ్చునో వినవచ్చునని మీలో కొందరు వచ్చియుందురు. ఆ సంగతి మరియొక నాడు చెప్పుకొందము. ఈనాడు నేను చెప్పదలచినది చిన్న విషయము. పిల్లలు ముచ్చటపడి అడిగినారని కొని, బుట్టలో పెట్టుకొని ఇంటికి తెచ్చిన కుందేళ్ళ జత సంగతి. వాటికి గూడు ఎట్లుండవలెను? మొదటి దినములు ఎట్లు గడుపవలెను? మచ్చిక చేయుట ఎట్లు? ఇంతే నా ప్రసంగము.

విషయము చిన్నదే గాని, దీనిలో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. ముందు దానిని చెప్పి, పిమ్మట మిగిలిన మాటలు చెప్పెదను.

కొన్ని ఏండ్ల క్రిందట వేసవి సెలవులలో ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చినాడు. పిల్లవానికి తొమ్మిది పది ఏండ్లుండును. బాగుగా చదివినచో కుందేళ్ళు కొనిపెట్టెదనని తండ్రి మాట ఇచ్చినాడట. రెండు తెల్లని పిల్లలను ఇచ్చినాను. మేత ఏమి వేయవలెనో చెప్పినాను. నీళ్ళు ఎట్లు పెట్టవలెనో చెప్పినాను. "గూడు ఎక్కడ కట్టినారు?" అని మాత్రము అడుగలేదు.

నాలుగవ నాడు తండ్రి ఒక్కడే తిరిగి వచ్చినాడు. రెండును చనిపోయినవి. పొలములో రేకుల కప్పు గల మోటారు గదిలో మామిడికాయల బుట్ట బోర్లించి, దాని క్రింద ఉంచినారట. ఊరి పిల్లలందరు వచ్చి చెవులు పట్టి ఎత్తి చూచినారట. కుక్క పగలంతయు తలుపు దగ్గరనే కాచుకొని కూర్చున్నదట.

"ఏ మందు వేసియుంటే బ్రతికేవండీ?" అని ఆయన అడిగినాడు. మందు ఏదియు లేదు. వాటికి వచ్చినది రోగము కాదు. ఒకటి ఎండ, రెండవది భయము. "పిల్లవాడు అన్నము ముట్టుట లేదండీ. నా మూలానే చచ్చిపోయినయి అంటున్నాడు" అని ఆయన అన్నప్పుడు నాకు మాట రాలేదు. తప్పు పిల్లవానిది కాదు. అడుగవలసిన మాట అడుగని నాది. ఆనాటి నుండి ఎవరు కుందేలు కావలెనని వచ్చినను నేను మొదట అడుగునది ఒక్కటే: "గూడు సిద్ధముగా ఉన్నదా?" ముందు గూడు, పిమ్మట కుందేలు. ఈ ఒక్క మాట మీరు జ్ఞాపకముంచుకొన్నచో నేడు నేను వచ్చిన పని నెరవేరినట్లే.

ఏ కుందేలు పెంచవచ్చును?

మన చేలలో తిరుగు కుందేలు వేరు, ఇండ్లలో పెంచు కుందేలు వేరు. చేలలో ఉండు దానిని చాల ఊళ్ళలో చెవుల పిల్లి అందురు. దానికి బొరియ ఉండదు. గడ్డి దుబ్బుల నడుమ పడుకొనును. దాని పిల్లలు పుట్టునప్పటికే ఒంటినిండ వెండ్రుకలతో, తెరిచిన కన్నులతో ఉండును. ఇంట పెంచు కుందేలు స్పెయిను, పోర్చుగలు, ఫ్రాన్సు దేశములలో బొరియలు త్రవ్వుకొని మందలుగా బ్రతికిన అడవి కుందేలు సంతతి. దాని పిల్లలు వెండ్రుకలు లేక, కన్నులు మూసికొని పుట్టును. కన్నులు తెరచుటకు పది పన్నెండు దినములు పట్టును. చూపునకు అన్నదమ్ముల వలె ఉన్నను ఈ రెండు జాతులకు సంకరము కలుగదు.

వేరుశనగ పీకునప్పుడు, చెరకు కొట్టునప్పుడు చెవుల పిల్లి కూనలు దొరుకుట మీకు అనుభవమే. తల్లి కనబడదు గనుక అవి దిక్కులేనివని తలచి, జాలితో ఇంటికి తెచ్చుట కలదు. అది జాలి కాదు. తల్లి పగటి వేళ పిల్లల దగ్గర ఉండదు. ఉన్నచో నక్కకు జాడ తెలియునని దాని భయము. చీకటి పడిన పిమ్మట వచ్చి పాలిచ్చి పోవును. మీరు తెచ్చిన కూన ఆవుపాలు త్రాగినను బ్రతుకుట అరుదు. దానిని దొరికిన చోటనే గట్టు ప్రక్క గడ్డిలో వదలి, ఆ భాగము కోత చివరకు పెట్టుకొనుడు. అదియును గాక, ఈ జంతువునకు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ కలదు. దానిని పట్టుట, పెంచుట, చంపుట నేరము.

కనుక పెంచదగినవి సీమ జాతులే. మన దేశములో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చిన్‌చిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్ మొదలగు వానిని పెంచుచున్నారు. తమిళనాడులో కొడైకెనాల్ కొండలపై మన్నవనూరు వద్ద కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధన సంస్థ వారి దక్షిణ ప్రాంత కేంద్రములో వీనిపై పని జరుగుచున్నది. ఆ కేంద్రము కొండపై ఎందుకున్నదో ఆలోచించుడు. కుందేలు చలువ దేశపు జంతువు. ఉన్ని కోటు తొడిగికొని మన రోహిణి కార్తెలోనికి వచ్చిన అతిథి అది.

కుందేలు స్వభావము

గూడు కట్టుటకు ముందు, అందులో ఉండబోవు జీవము ఎట్టిదో తెలియవలెను. కుక్క, పిల్లి వేటాడు జంతువులు. కుందేలు వేటాడబడు జంతువు. దాని నడవడి అంతయు ఈ ఒక్క సంగతి నుండియే పుట్టినది.

దాని కన్నులు తలకు రెండు ప్రక్కల ఉండును. వెనుక నుండి వచ్చువానిని, పై నుండి వచ్చువానిని గూడ చూడగలదు. కాని సరిగా ముక్కు ముందర ఉన్నది కనబడదు. అందుచేత చేయి ముఖము మీదకు తెచ్చినచో ఉలికిపడును. పై నుండి చేయి చాచినచో గ్రద్ద వచ్చినదనియే దాని తలంపు. నోరు విప్పి అరచుట అరుదు. ప్రాణము మీదకు వచ్చినప్పుడు మాత్రము చంటిబిడ్డ వలె ఒక్క కేక వేయును. భయము వేసినప్పుడు వెనుక కాలితో నేలను దబ్బున కొట్టును. మీ కుందేలు రాత్రి అట్లు కొట్టినచో కోపముతో కాదు. చుట్టుప్రక్కల పామో, పిల్లియో ఉన్నదని చెప్పుచున్నది. లాంతరు తీసికొని చూడుడు.

దానికి చెమట పట్టదు. ఒంటి వేడి పోవుటకు పెద్ద చెవులే ముఖ్య సాధనము. చెవులలోని రక్తనాళములు ఉబ్బి, వాటి మీదుగా పోవు గాలికి చల్లబడును. గాలి లేనిచోట ఆ చెవులును పనికిరావు.

దాని పండ్లు ప్రాణమున్నంతవరకు పెరుగుచునే యుండును. నమిలి అరుగదీయుటకు పీచు గల మేత, కొరుకుటకు కొయ్య ముక్క ఉండవలెను. తిన్నది కక్కుట దానికి చేతకాదు. కనుక చెడిన మేత లోపలికి పోయినచో మరల రాదు. ఇంకొక వింత కలదు. అది రెండు విధముల పెంటికలు వేయును. గట్టి గుండ్రని పెంటికలు నేలకు విడుచును. గుత్తిగా నుండు మెత్తని పెంటికలను తన నోటితోనే అందుకొని మ్రింగును. ఇది జబ్బు కాదు, అశుభ్రము కాదు. పశువు నెమరు వేసినట్లే ఇదియు. దానిని మాన్పించవద్దు.

గూడు

స్థలము: తూర్పు ఎండ కొద్దిగా తగిలి, పడమటి ఎండ ఎంతమాత్రము తగులని చోటు ఎంచుకొనవలెను. వేపచెట్టు నీడ గాని, ఇంటికి తూర్పు వైపు వసారా గాని మంచిది. కుక్కను కట్టు చోటు, మోటారు చప్పుడు వచ్చు చోటు, వంట పొగ వచ్చు చోటు పనికిరాదు. పురుగు మందులు, ఎరువులు దాచు గది ప్రక్కన అసలే కూడదు.

కొలత: పెరిగిన కుందేలు 3 నుండి 4 కిలోల బరువు ఉండును. ఒక్కొక్క దానికి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల గది కావలెను. ఒళ్ళు సాచి పడుకొనవలెను. మూడు గంతులు వేయవలెను. వెనుక కాళ్ళపై నిలువబడినప్పుడు చెవులు కప్పునకు తగులరాదు. ఈ మూడును సరిపోయిన గూడే గూడు. వ్యాపారమునకు పెంచువారు ఇంతకంటె చిన్న అరలు వాడుదురు. ఇంట ముచ్చటకు పెంచువారికి ఆ పొదుపు అక్కరలేదు. గూడు ఎంత పెద్దదైనను దినమునకు రెండు మూడు గంటలు వసారాలోనో, దడి కట్టిన పెరటిలోనో మీ కన్నుల ఎదుట తిరుగనీయవలెను.

కట్టుబడి: సరుగుడు కర్రలతో చట్రము కట్టి, నేల నుండి మూడు అడుగుల ఎత్తున నిలుపుడు. మూడు ప్రక్కల, అడుగున తీగవల బిగించవలెను. వల కన్ను అరంగుళమునకు మించరాదు. అంతకు మించినచో ఎలుక దూరును, ఎలుక వెంట పాము దూరును. కోళ్ళకు వాడు పలుచని వల వద్దు. కుక్క ఒక్క పెట్టున చింపును. తలుపునకు గడియతో పాటు కొక్కెము గూడ ఉండవలెను. పిల్లి గడియ తీయుట నేను చూచినాను.

తీగవల మీదనే ఎల్లవేళల కూర్చున్నచో మడమలు పుండ్లు పడును. అందుచేత గూడులో సగము భాగము పలక పరచి, దాని మీద ఎండుగడ్డి వేయవలెను. మిగిలిన సగములో పెంటికలు, మూత్రము క్రిందకు జారిపోవును.

దాగుకొను పెట్టె: గూడులో ఒక మూల, ఒక ప్రక్క తెరచిన చెక్క పెట్టె గాని, అడ్డముగా పండబెట్టిన పెద్ద మట్టికుండ గాని ఉంచవలెను. ఇది చాలమంది మరచెదరు. బొరియలో పుట్టిన జాతి గనుక, దూరి కూర్చుండుటకు చీకటి చోటు లేనిచో దానికి కునుకు పట్టదు. కుండ అయినచో వేసవిలో చల్లగా గూడ ఉండును.

కప్పు: తాటాకు గాని, రెల్లు గడ్డి గాని అరడుగు మందమున కప్పుడు. అంచులు రెండు అడుగులు బయటకు దిగవలెను. రేకు తప్పనిసరి అయినచో దాని మీద ఒక పొర గడ్డి పరచవలెను.

చీమలు: గూటి నాలుగు కాళ్ళను నీళ్ళు పోసిన మూకుళ్ళలో నిలుపుడు. ఎర్రచీమలు ఒక్క రాత్రిలో కుందేలు కూనలను చంపగలవు. నీళ్ళు ఎండిపోకుండ దినమునకు ఒకసారి చూడవలెను.

తెచ్చుట

పాలు మరచి, కనీసము ఎనిమిది వారములు నిండిన పిల్లనే తేవలెను. చేతికి ఒదిగిన చిన్న పిల్ల ముద్దుగా ఉండునని నాలుగు వారముల దానిని తెచ్చినచో, మేత మారుటతో పారుడు పట్టి చనిపోవును. కొనునప్పుడు నాలుగు చోట్ల చూడుడు. ముక్కు పొడిగా ఉండవలెను. ముందు కాళ్ళ లోపలి వెండ్రుకలు అట్టకట్టియున్నచో చీమిడి తుడుచుకొనుచున్నదని అర్థము. చెవి లోపల పొక్కులు ఉండరాదు. తోక క్రింద శుభ్రముగా ఉండవలెను. పై పండ్లు క్రింది పండ్లపై సరిగా కూర్చుండవలెను.

కుందేలు ఒంటరిగా ఉండలేదు గనుక జత తెచ్చుట మంచిదే. ఒకే ఈతలో పుట్టిన రెండు ఆడపిల్లలు సాధారణముగా కలిసి ఉండును. రెండు మగవి మూడు నాలుగు నెలల వయస్సు రాగానే రక్తము కారునట్లు పోరాడును. ఆడ, మగ కలిపి ఉంచినచో మీరు తెచ్చినది జత కాదు, మందయే. చూలు 31 దినములు. ఈతకు ఆరు నుండి ఎనిమిది పిల్లలు. ఈనిన మరునాడే మరల చూలు కట్టగలదు. పిల్లలు వద్దనుకొన్నచో మూడు నెలల లోపుననే వేరు చేయుడు.

వేసవిలో తేవద్దు. వాన వెలసిన పిమ్మట, చలికాలములో తెండు. గాలి ఆడు వెదురు బుట్టలో గడ్డి పరచి, చల్లని వేళ ప్రయాణము పెట్టుకొనుడు. అమ్మినవారు వేయుచున్న మేతను ఒక వారమునకు సరిపోవునంత అడిగి తీసికొనుడు. మేతను ఒక్కనాడు మార్చక, వారము దినములలో కొద్ది కొద్దిగా మార్చవలెను.

మచ్చిక

ఇక్కడ తొందరయే మొదటి శత్రువు. ఇల్లు చేరిన మొదటి దినమున బుట్టను గూడులో పెట్టి, మూత తీసి, మేత, నీళ్ళు ఉంచి మీరు వెడలిపోవలెను. అది తానుగా బయటకు వచ్చును. ఊరి పిల్లలకు చూపించుట వారము తరువాత. మొదటి రాత్రి మేత ముట్టకపోయినను తెల్లవారునప్పటికి కొంత తినియుండవలెను. అసలు తినకయు, పెంటిక వేయకయు ఉన్నచో ఉపేక్షింపరాదు. ఆ సంగతి తరువాత చెప్పెదను.

రెండు మూడు దినములు మేత వేయుటకు, శుభ్రము చేయుటకు తప్ప చేయి లోపల పెట్టవద్దు. ఉదయము, సాయంకాలము ఒకే మనిషి, ఒకే వేళకు వెళ్ళవలెను. పోవునప్పుడు మెల్లగా ఏదో ఒక మాట అనుచుండుడు. పాడికి పోవునప్పుడు మీరు ఆవును పలుకరించుట లేదా? అట్లే. మాట వినబడిన వెంటనే మేత వచ్చునని దానికి తెలియవలెను.

నాలుగవ దినము మొదలు తలుపు తెరచి, గూటి ఎదుట కూర్చుండుడు. అరచేతిలో రెండు గరిక పోచలు గాని, ఒక కొత్తిమీర రెమ్మ గాని ఉంచి, చేయి పలక మీద ఆనించి కదలక ఉండుడు. మొదట అది మూలకు పోవును. మరునాడు ముక్కు ఆడించును. ఆ మరునాడు మెడ సాచి ఒక ఆకు లాగుకొని పారిపోవును. పారిపోనీయుడు. మీ చేయి దాని వద్దకు పోరాదు. అదే మీ చేతి వద్దకు రావలెను. మచ్చిక అనగా ఇదియే.

చేతిలో మేత నిలుకడగా తినుట మొదలైన పిమ్మట, తినుచుండగా నుదుటి మీద రెండు వ్రేళ్ళతో వెండ్రుకల వాలున నిమురుడు. గడ్డము క్రింద, పొట్ట క్రింద ముట్టవద్దు. పండ్లు మెల్లగా పటపటలాడించినచో సంతోషించుచున్నదని గుర్తు. గట్టిగా కొరుకుచు ముడుచుకొని కూర్చున్నచో నొప్పి అని గుర్తు. గడ్డముతో గూటి కర్రలను, మీ చేతిని రుద్దినచో తన వాసన పూసి "ఇది నాది" అని చెప్పుకొనుచున్నదని గ్రహించుడు.

రెండు మూడు వారములకు గూటి వెలుపల నేల మీద విడువవచ్చును. మీరు చాపపై కూర్చుండి మీ పని మీరు చూచుకొనుడు. అదే వచ్చి పాదము వాసన చూచును. ఒడిలోనికి ఎక్కును. కొన్ని కుందేళ్ళు పది దినములలో మచ్చికగును, కొన్నింటికి రెండు నెలలు పట్టును. ఆలస్యమైన దానిని మొండిదని తిట్టవలదు. దాని తాతలలో తొందరపడి దగ్గరకు పోయినవి బ్రతికియుండవు.

ఇక ఎత్తుట. కుందేలును చెవులు పట్టి ఎత్తవలెనని మనలో పాతుకొన్న మాట. బొమ్మలలోను అట్లే వేయుదురు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనువాడు చెవులు పట్టియే ఎత్తి యుండును! చెవులు పట్టి ఎత్తినచో దానికి ఎంతో నొప్పి. అది తన్నుకొన్నప్పుడు వెనుక కాళ్ళ బలమునకు దాని వెన్నెముకయే విరుగును. వెనుక భాగము చచ్చుపడిన కుందేలును ఎవరును బాగుచేయలేరు. ఒక చేయి రొమ్ము క్రింద, రెండవ చేయి పిరుదుల క్రింద ఉంచి, మీ ఒంటికి ఆనించి ఎత్తవలెను. దించునప్పుడు ముందు పిరుదులు నేలకు తగులవలెను. చిన్న పిల్లలు నిలువబడి ఎత్తరాదు. కూర్చుండి ఒడిలోనికి రానీయవలెను. ఈ నియమమును మొదటి దినముననే చెప్పుడు. ముట్టిన పిమ్మట చేతులు కడుగుకొనుట గూడ నేర్పుడు.

మేత, నీరు

ముఖ్యమైనది పీచు గల ఎండుగడ్డి. అది ఎల్లవేళల ఎదుట ఉండవలెను. పచ్చిమేతగా గరిక, లూసర్న్, దశరథ గడ్డి, మల్బరీ ఆకు పెరిగిన దానికి దినమునకు పావు కిలో చాలును. కోసిన పచ్చిక కొంతసేపు నీడను ఆరబెట్టి, మంచు తడి పోయిన పిమ్మట వేయుడు. సుబాబుల్ ఆకు కొద్దిగానే వేయవలెను. దానాగా నలిపిన మొక్కజొన్న, గోధుమ తవుడు, కొద్ది శనగలు కలిపి 50 గ్రాములకు మించనక్కరలేదు. దుంపలు, పండ్లు రుచికి మాత్రమే. క్యారెట్ కుందేలు ఆహారమని బొమ్మల పుస్తకములు చెప్పును గాని, అది దానికి మిఠాయి వంటిది. అన్నము, రొట్టె, బిస్కట్లు వద్దు.

రెండు హెచ్చరికలు. ఒకటి: మందు చల్లిన చేని గట్టు గడ్డి వేయవద్దు. రెండు: బూజు పట్టిన వేరుశనగ చెక్క, బూజు మొక్కజొన్న వేయవద్దు. బూజులో పుట్టు అఫ్లాటాక్సిన్ అను విషమునకు కుందేలు మిక్కిలి సులభముగా లొంగును. పశువు తట్టుకొనునంత విషము దీనిని చంపును.

నీళ్ళు రాత్రింబగళ్ళు ఉండవలెను. తేలికపాటి గిన్నె తన్నివేయును గనుక బరువైన మట్టి మూకుడు మంచిది.

ఎండాకాలము

మన కోస్తాలోను, రాయలసీమలోను, తెలంగాణములోను కుందేళ్ళకు వేసవియే గండము. వేడి 30 డిగ్రీల సెంటీగ్రేడు దాటినప్పటి నుండి దానికి బాధ మొదలగును. 35 దాటినచో ప్రాణభయము. మన రెంటచింతల, రామగుండము వంటి చోట్ల ఎండ ఎట్లుండునో మీకు చెప్పనక్కరలేదు.

ఉదయము పది గంటలకే గూటి పడమటి వైపు తడిపిన గోనెపట్టా వ్రేలాడదీయుడు. గాలికి మాత్రము ఒక వైపు తెరచి ఉంచవలెను. అన్ని వైపుల మూసినచో తడి ఆవిరికి ఉక్కపోసి మరింత కీడు కలుగును. తడిపిన బంకమట్టి పెంకు ఒకటి లోపల ఉంచినచో దాని మీద పొట్ట ఆనించి పడుకొనును. మేత చల్లని వేళలలోనే వేయుడు. నీళ్ళు మధ్యాహ్నము ఒకసారి మార్చుడు. రోళ్ళు పగులు ఎండలో రెండు మూడు గంటలు ఇంటిలోపలకు తెచ్చుకొన్నను తప్పు లేదు.

ఎగరొప్పుచు, చెవులు ఎర్రబడి, ముక్కు తడిసి, కాళ్ళు చాపి పడియున్నచో అది వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి, చెవులను తడిగుడ్డతో తుడుచుచు గాలి విసరుడు. చన్నీళ్ళ తొట్టిలో ముంచవద్దు. ఆ అదటుకే గుండె ఆగును. ఒంటి వేడి కొంత తగ్గిన పిమ్మట వైద్యుని వద్దకు తీసికొనిపొండు.

జబ్బు చేసినప్పుడు

వ్యాధుల పట్టిక చదువబోవుట లేదు. మూడు మాటలు చాలును. కుందేలు పూర్తిగా మేత మానుకొని, పెంటిక వేయక పండ్రెండు గంటలు గడచినచో అది చూతములే అనదగిన విషయము కాదు. దాని ప్రేగులు నిలిచిపోవుచున్నవి. ఆనాడే పశువైద్యునికి చూపవలెను. చెవిలో పొక్కు, ముక్కుపై, గోళ్ళ చుట్టు తెల్లని పొట్టు కనబడినచో గజ్జి. అది రెండవ కుందేలుకు అంటును, పట్టిన మనిషికి గూడ దురద కలుగును. దానికి మంచి మందులు కలవు. వైద్యుడు బరువు చూచి ఇచ్చును. మూడవది: ఇంటిలో మిగిలిన పెన్సిలిన్, అమాక్సిసిలిన్ మాత్రలు నూరి పోయవద్దు. మనకు మేలు చేయు ఆ మందు నోటి ద్వారా ఇచ్చినచో కుందేలు ప్రేగులలోని మంచి సూక్ష్మజీవులను చంపి, దాని ప్రాణమే తీయును.

విసుగు పుట్టినప్పుడు

చక్కగా చూచుకొన్న కుందేలు ఎనిమిది పది ఏండ్లు బ్రతుకును. నేడు మూడవ తరగతి చదువు పిల్లవాడు కళాశాలకు పోవువరకు అది ఇంట ఉండును. తెచ్చుటకు ముందే ఇది తలపోయుడు. విసుగు పుట్టి పొలములో వదలినచో ఒక రాత్రి గూడ నిలువదు. కుక్కలకు, నక్కలకు తెల్లని గురుతు అది. చలువ దేశములలో నిలిచినచో ఇంకను అనర్థము. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేట వేడుకకై ఇంగ్లండు నుండి ఇరువదినాలుగు కుందేళ్ళను తెప్పించుకొన్నాడు. వాటి సంతతి దేశములో చాల భాగమునకు ప్రాకి, పంటలను, పచ్చికబయళ్ళను నాశనము చేసినది. నేటికిని అక్కడి రైతులు వాటితో పోరాడుచునే యున్నారు. పెంచలేనివారు పెంచగలవారికి ఇయ్యవలెను గాని, బయట వదలరాదు.

చివరి మాట

మొదట చెప్పిన పిల్లవాని సంగతి ముగించి సెలవు తీసికొందును. మరుసటి ఏడు సంక్రాంతి వెళ్ళిన పిమ్మట తండ్రీకొడుకులు మరల వచ్చినారు. పిల్లవాని చేతిలో నోటుపుస్తకపు కాగితము ఒకటి ఉన్నది. దాని మీద గూటి బొమ్మ గీసి కొలతలు వేసినాడు. నాలుగు కాళ్ళ క్రింద నాలుగు మూకుళ్ళు గూడ గీసినాడు. నేను అడుగవలసిన ప్రశ్న ఏదియు మిగులలేదు. ఈసారి రెండు ఆడపిల్లలను ఇచ్చినాను.

పని మీద ఆ వైపు పోయి వారి ఇంట దిగినాను. వేపచెట్టు క్రింద తాటాకు గూడు చల్లగా ఉన్నది. పిల్లవాడు గూటికి నాలుగు మూరల దూరములో చాప వేసికొని లెక్కలు చేసికొనుచున్నాడు. కుండలో నుండి రెండు ముక్కులు ఆడుచున్నవి. "ఏమిరా, చేతితో మేత పెట్టలేదా?" అని అడిగినాను.

"నాలుగో రోజు నించి పెట్టమన్నారు కదండీ. ఇయ్యాల మూడోదే" అన్నాడు పిల్లవాడు, పుస్తకము మీద నుండి తల ఎత్తకుండ.

నేను గంట సేపు చెప్పినది అతడు ఒక్క ముక్కలో చెప్పినాడు. మీరందరును గూడు ముందు కట్టి, కుందేలును పిమ్మట తెచ్చి, నాలుగవ దినము వరకు ఓపిక పట్టెదరని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.